హైవే ఎక్కేముందు టైర్లలో గాలి ఎంత ఉండాలి, ఎలా చూసుకోవాలి

రేపు తెల్లవారుజామున బయల్దేరి ఐదారు వందల కిలోమీటర్లు కారు నడపబోతున్నారు. ఇంజన్ ఆయిల్ చూసుకున్నారు, ట్యాంకు నింపారు, సామాను సర్దేశారు. గాలి మాత్రం దారిలో కొట్టించుకుందామని వదిలేశారు. మధ్యలో ఎక్కడో పెట్రోల్ బంకులో ఆపుతారు. "ఎంత పెట్టమంటారు?" అని అడుగుతారు. "హైవే కదా, వేడికి ఎలాగూ పెరుగుతుంది, ఓ రెండు తక్కువే పెట్టు" అనేస్తారు.

ఈ ఒక్క అలవాటు మాన్పించాలనే ఇదంతా రాస్తున్నాను. నడుస్తుంటే టైరు వేడెక్కుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. అంతవరకూ నిజమే. కానీ అందుకని గాలి తగ్గిస్తే టైరు ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. టైరు పేలకూడదని చేసే పనే దాన్ని పేలేదాకా తీసుకెళ్తుంది.

ఎందుకో ముందు చెప్తాను, అది తెలిస్తే మిగతాదంతా మీకే తేలిగ్గా అర్థమవుతుంది.

కారు బరువును మోసేది రబ్బరు కాదు, లోపలున్న గాలి. గాలి సరిపడా ఉంటే టైరు తన ఆకారం చెడకుండా తిరుగుతుంది. తక్కువైతే నేలకు ఆనిన చోట బాగా నలుగుతుంది, ఆ చోటు పైకి రాగానే మళ్లీ సాగుతుంది. మామూలు కారు టైరు చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 14 సార్లకు పైగా తిరుగుతుంది. గంటకు దాదాపు 52 వేల చుట్లు. అంటే టైరు పక్కభాగంలో ఏ చోటు తీసుకున్నా గంటలో 52 వేల సార్లు వంగి లేస్తుంది. ఒక ఇనుప తీగను రెండు చేతుల్తో పట్టుకుని గబగబా అటూ ఇటూ వంచి చూడండి. కాసేపటికే వంపు దగ్గర వేడి తెలుస్తుంది, ఇంకాస్త వంచితే విరిగిపోతుంది. గాలి తగ్గిన టైరులోనూ అదే జరుగుతుంది. లోపలి పొరల మధ్య పట్టు సడలుతుంది. ఆపైన ట్రెడ్, అంటే నేలకు ఆనే గాడుల పొర, పెచ్చులా ఊడి రావచ్చు, లేదా పక్కభాగం చిరిగి ఒక్కసారిగా గాలంతా పోవచ్చు. ఊళ్లో 30, 40 కిలోమీటర్ల వేగంలో ఇది బయటపడకపోవచ్చు. హైవే మీద వేగం, బరువు, ఎండ మూడూ కలుస్తాయి.

మరి వేడికి పెరిగే ఒత్తిడి సంగతేమిటి? మామూలుగా 3 నుంచి 6 పీఎస్ఐ వరకు పెరుగుతుంది (పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం). కారు తయారుచేసినవాళ్లు ఈ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే కారుకు అతికించిన స్టిక్కర్ మీద అంకె వేస్తారు. దాన్ని మనం మళ్లీ సరిచేయాల్సిన పనిలేదు.

సరైన అంకె ఎక్కడ దొరుకుతుంది

డ్రైవర్ డోర్ తెరిచి, డోర్ మూసుకునే ఫ్రేమ్ మీద చూడండి. చాలా కార్లలో స్టిక్కర్ అక్కడే ఉంటుంది. కొన్నిటిలో పెట్రోల్ మూత లోపలి వైపు ఉంటుంది. రెండు చోట్లా కనిపించకపోతే కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. దాన్ని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. బంకులో గాలి పడుతున్నప్పుడు డోర్ తెరిచి వంగి చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

టైరు మీద అచ్చువేసిన అంకెను మాత్రం చూడకండి. అక్కడ 44 అనో 51 అనో ఉంటుంది. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి. అదే టైరు తేలికపాటి కారుకూ వేస్తారు, బరువైన కారుకూ వేస్తారు. మీ కారుకు ఎంత కావాలో టైరుకు తెలియదు, కారుకే తెలుసు. ఈ పొరపాటు చేసేవాళ్లు తక్కువేం కాదు. గాలి మరీ ఎక్కువైతే టైరు మధ్యలో మాత్రమే నేలకు ఆనుతుంది. తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, గుంతలో పడితే దెబ్బ నేరుగా టైరుకూ రిమ్ముకూ తగులుతుంది, ట్రెడ్ నడిమధ్యన అరిగిపోతుంది.

స్టిక్కర్ మీద అంకెలు పీఎస్ఐలో ఉండొచ్చు, బార్‌లో ఉండొచ్చు, కేపీఏలో ఉండొచ్చు. 1 బార్ అంటే 100 కేపీఏ, అంటే 14.5 పీఎస్ఐ. 2.3 బార్ అన్నా, 230 కేపీఏ అన్నా దాదాపు 33 పీఎస్ఐ.

ఇప్పుడు అసలు విషయం. చాలా స్టిక్కర్లలో రెండు వరసలు ఉంటాయి. ఒకటి ఇద్దరు ముగ్గురు కూర్చున్నప్పటికి, రెండోది సీట్లన్నీ నిండి డిక్కీలో సామాను ఉన్నప్పటికి. పక్కనే మనిషి బొమ్మలు, పెట్టె బొమ్మ వేసి ఉంటాయి. ఉదాహరణకు మొదటి వరసలో ముందు 33, వెనుక 30 ఉందనుకోండి. నిండు బరువు వరసలో ముందు 33, వెనుక 36 ఉండొచ్చు. ముందు టైర్లలో మార్పు లేదు, వెనుక మాత్రం 6 పెరిగింది. సామానూ, వెనుక సీటు మనుషులూ ఎక్కువగా వెనుక టైర్ల మీదే కూర్చుంటారు కాబట్టి. "నాలుగింటికీ 33 పెట్టు" అని గుండుగుత్తగా చెప్పేస్తే, బరువంతా మోసే రెండు టైర్లూ 3 తక్కువతో బయల్దేరతాయి.

అందుకని కుటుంబమంతా, సామానుతో సహా వెళ్తున్నప్పుడు నిండు బరువు వరసే మీది. మీ స్టిక్కర్‌లో ఒకే వరస ఉంటే ఆ అంకెనే పెట్టండి. బండి నిండుగా ఉంటే నేను వెనుక టైర్లకు దానిమీద 2 పీఎస్ఐ కలుపుతాను, అంతకు మించను. కొన్ని కార్ల పుస్తకాల్లో గంటకు 160 దాటి వెళ్లేవాళ్ల కోసం వేరే అంకెలు ఇస్తారు. 100, 110 లో వెళ్లే ప్రయాణానికి వాటితో పనిలేదు.

టైర్ల సైజు మార్పించి ఉంటే ఒక మాట. స్టిక్కర్ మీది అంకె అక్కడే రాసి ఉన్న సైజు టైర్లకే వర్తిస్తుంది. మీ టైరు సైజు దాంతో కలవకపోతే, బయల్దేరేముందు టైర్లు తెలిసినవాళ్లను అడిగి కొత్త అంకె రాసిపెట్టుకోండి.

చల్లగా ఉన్నప్పుడే కొలవాలి

స్టిక్కర్ మీది అంకె చల్లటి టైరుకు. చల్లటి టైరంటే కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నదన్నమాట. మహా అయితే ఒకటిన్నర కిలోమీటర్లు మెల్లగా నడిచి ఉండొచ్చు. అన్నిటికన్నా మంచి సమయం ఉదయం, ఎండ పడకముందు. ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ ఉన్న చోట ఆపిన బండిని మధ్యాహ్నం కొలిస్తే, ఎండ పడ్డ వైపు టైర్లు ఒకటి రెండు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తాయి. ఏది సరైనదో తేల్చుకోలేక తికమకపడతారు.

ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ మారితే కారు టైరులో ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది. ఎండాకాలంలో సరిచూసి, చలికాలం దాకా మళ్లీ ముట్టుకోకపోతే ఎంత తగ్గి ఉంటుందో ఊహించుకోండి. పైగా ఏ పంక్చరూ లేని టైరు కూడా నెలకు దాదాపు 1 పీఎస్ఐ పోగొట్టుకుంటుంది.

వేడి టైరులో గాలి తీయించిన తప్పు నేనూ చేశాను. ఓసారి మండుటెండలో మూడు గంటలు నడిపి ఒక బంకులో ఆపాను. నాలుగు టైర్లూ 37, 38 చూపించాయి. ఉండాల్సింది 33. "ఎక్కువుంది సార్, తీసేయమంటారా?" అంటే సరేనన్నాను. నాలుగింటినీ 33కి దించాడు. మర్నాడు పొద్దున బండి కదలకముందు నా గేజ్ (గాలి ఒత్తిడి కొలిచే పరికరం) పెట్టి చూస్తే ఒకదానిలో 29, మిగతా మూడింటిలో 28. అప్పటికే కారులో ఐదుగురం, డిక్కీ నిండా సామాను. ముందురోజు మిగిలిన దారంతా ఆ గాలితోనే పిల్లల్ని కూర్చోబెట్టుకుని వచ్చానన్న విషయం ఇప్పటికీ నన్ను కలవరపెడుతుంది. ఆ రోజు నుంచి వేడి టైరులో గాలి తీయనివ్వలేదు.

సొంత గేజ్ కొనుక్కోండి

అరచేతిలో పట్టే డిజిటల్ గేజ్ ఒకటి కారులో ఉంచండి. బంకుల్లో గాలి మిషన్లు రోజంతా దెబ్బలు తింటూ ఉంటాయి, ఒక్కోటి ఒక్కోలా చూపిస్తుంది. మీ గేజ్ కూడా ఒక పీఎస్ఐ అటూ ఇటూ ఉండొచ్చు. కానీ ప్రతిసారీ అదే గేజ్ కాబట్టి ఏ టైరు తగ్గుతోందో, ఎంత తగ్గిందో ఇట్టే తెలిసిపోతుంది.

కొలవడం ఇలా. వాల్వ్ మూత తిప్పి తీసి జేబులో వేసుకోండి, నేల మీద పెడితే దొర్లిపోతుంది. గేజ్ మూతిని వాల్వ్ మీద నిటారుగా, ఒక్కసారిగా గట్టిగా నొక్కండి. మొదట సుయ్‌మని చప్పుడు వస్తుంది. అది ఆగేదాకా నొక్కి ఉంచండి. చప్పుడు వస్తూనే ఉంటే గేజ్ వంకరగా ఉన్నట్టు, ఆ అంకెను నమ్మకండి. ప్రతి టైరుకూ రెండుసార్లు కొలవండి. రెండూ ఒకటే వస్తే రాసుకోండి. ఆ తర్వాత తడి వేలుతో వాల్వ్ కొసకు కాస్త నీళ్లు అంటించి చూడండి. బుడగలు వస్తే వాల్వ్ లోపలి పిన్ను కారుతోంది, ప్రయాణానికి ముందే మార్పించండి. మూత మళ్లీ బిగించడం మరవకండి. అది లేకపోతే దుమ్ము చేరి, ఆ పిన్ను సరిగ్గా మూసుకోదు.

బంకు దూరంగా ఉంటే ఏం చేయాలి

గాలి మిషన్ ఇంటి దగ్గర ఉండదు. అక్కడికి వెళ్లేసరికి టైరు వేడెక్కుతుంది. అలాంటప్పుడు చల్లటి అంకె ఎలా పెట్టాలన్నదే అందరి సందేహం. దీనికి తేలికైన లెక్క ఉంది, ఒకసారి చేస్తే చేతికి వచ్చేస్తుంది.

ఇంటి దగ్గర ఉదయం చల్లగా ఉన్నప్పుడు కొలిచారు. వెనుక ఎడమ టైరులో 31 ఉంది. ఉండాల్సింది 36. లోటు 5. ఈ 5 అనే అంకెను కాగితం మీద ఆ టైరు పేరుతో రాసుకోండి. బంకుకు వెళ్లాక అదే గేజ్‌తో మళ్లీ కొలవండి. వేడికి 33 చూపించిందనుకోండి. దానికి లోటు 5 కలిపితే 38. గాలి 38 దాకా పట్టించండి. మిషన్ దగ్గరి కుర్రాడు "36 చాలు కదా" అనొచ్చు. మీరు 38 పెట్టమనే చెప్పండి. చల్లారాక అది 36కే వస్తుంది.

నాలుగు టైర్లకూ లోటు వేర్వేరుగా ఉంటుంది కాబట్టి నాలుగు అంకెలు రాసుకోవాలి. ఇంట్లో కొలవడం కుదరలేదా? అప్పుడు స్టిక్కర్ అంకెకు 4 కలిపి వేడి టైరులో పట్టించి, మర్నాడు ఉదయం చల్లగా కొలిచి సరిచేసుకోండి. ఇది ఉజ్జాయింపు మాత్రమే, మొదటి పద్ధతే మంచిది. తరచూ దూరాలు వెళ్లేవాళ్లయితే కారు సాకెట్‌కు తగిలించే చిన్న ఎయిర్ పంపు కొనుక్కుంటే ఈ లెక్కలన్నీ తప్పుతాయి. కావలసిన అంకె సెట్ చేస్తే అదే ఆగిపోతుంది.

ఇదంతా ప్రయాణం రోజు ఉదయానికి పెట్టుకోకండి. రెండు రోజుల ముందు ఒకసారి సరిచేసి, బయల్దేరే ఉదయం మళ్లీ కొలవండి. ఈ రెండు రోజుల్లో ఒక టైరు మిగతావాటికన్నా 2, 3 పీఎస్ఐ తగ్గిందంటే ఎక్కడో మేకో, వాల్వో, రిమ్ము అంచో కారుతోంది. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా గాలి చాలా మెల్లగా పోతుంది, చూడ్డానికి ఏమీ తెలియదు. అది ఊళ్లో ఉండగానే దొరికితే అరగంట పని. హైవే మీద రాత్రి దొరికితే ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు.

స్టెప్నీని మరిచిపోవద్దు. డిక్కీ అడుగున ఉంటుంది కాబట్టి సామాను సర్దకముందే చూడాలి. అది మిగతా టైర్ల సైజుదే అయితే స్టిక్కర్‌లోని పెద్ద అంకెకు ఒకటి రెండు ఎక్కువే పెట్టి ఉంచండి. దారిలో తగ్గించడం తేలిక, పెంచడం కష్టం. సన్నగా ఉండే తాత్కాలిక స్టెప్నీ అయితే దానికి వేరే లెక్క. సాధారణంగా 60 పీఎస్ఐ ఉండాలి, గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. ఆ సంగతి దాని మీదే రాసి ఉంటుంది.

వంగి చూస్తున్నప్పుడే ఇంకో రెండు విషయాలు చూసేయండి. ట్రెడ్ గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే టైరు పని అయిపోయినట్టే. గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి, ట్రెడ్ వాటితో సమానమైతే మార్చాలి. రెండోది వయసు. టైరు పక్కభాగం మీద డీఓటీ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2321 ఉంటే 2021లో 23వ వారం తయారైనట్టు. వయసు మీరి, పక్కభాగంలో పగుళ్లు వచ్చిన టైరుకు ఎంత సరైన గాలి పెట్టినా హైవే మీద దాన్ని నమ్మలేం.

నైట్రోజన్ గురించి అడుగుతారు కాబట్టి చెప్తాను. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్ పట్టిస్తే టైరులో తేమ ఉండదు, గాలి కాస్త నెమ్మదిగా తగ్గుతుంది. అంతవరకే లాభం. వేడికి అదీ పెరుగుతుంది, దానికీ అవే అంకెలు, అలాగే కొలవాలి. నైట్రోజన్ ఉన్న టైరులో దారిలో మామూలు గాలి కలిపినా ఏమీ కాదు. నైట్రోజన్ దొరకలేదని తక్కువ గాలితో మాత్రం వెళ్లకండి.

డ్యాష్‌బోర్డు లైటును నమ్ముకుని ఊరుకోవద్దు

2000 సంవత్సరం ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసినవి. వేగంగా వెళ్తుండగా ట్రెడ్ ఊడిపోయి బండ్లు బోల్తాపడి చాలామంది చనిపోయారు. ఫోర్డ్ ఆ టైర్లకు 26 పీఎస్ఐ చాలని చెప్పింది, ఫైర్‌స్టోన్ 30 ఉండాలంది. టైర్లలోనే లోపాలున్నాయన్నది వేరే సంగతి. కానీ ఎండ, బరువు, వేగం ఉన్నచోట ఆ నాలుగు పీఎస్ఐల మీద అంత పెద్ద గొడవ జరిగింది. అదే ఏడాది అక్కడ చట్టం తెచ్చారు. దాని ఫలితంగానే టైరులో గాలి తగ్గితే హెచ్చరించే టీపీఎంఎస్ లైటు కార్లలోకి తప్పనిసరిగా వచ్చింది.

అయితే ఆ చట్టం ప్రకారం లైటు వెలగాల్సింది గాలి 25 శాతం తగ్గినప్పుడు. 33 ఉండాల్సిన టైరులో దాదాపు 25కి పడిపోయేదాకా అది వెలగకపోవచ్చు. 27తో వెళ్తున్నా డ్యాష్‌బోర్డు ప్రశాంతంగానే ఉంటుంది. ఇంకో చిక్కు ఉంది. కొన్ని కార్లలో టైరు లోపల సెన్సర్ ఉండదు, చక్రాలు తిరిగే వేగాలను పోల్చి గాలి తగ్గిందని పసిగడతాయి. నాలుగు టైర్లూ సమానంగా తగ్గితే వాటికి తేడా తెలియకపోవచ్చు. అలాంటి కారులో గాలి సరిచేశాక సిస్టమ్‌ను రీసెట్ చేయాలి. ఎలాగో పుస్తకంలో ఉంటుంది. గుర్రపు లాడం ఆకారంలో, మధ్య ఆశ్చర్యార్థకంతో ఉన్న ఆ పసుపు గుర్తు వెలిగిందా, వేగం తగ్గించి, భద్రమైన చోట ఆపి, గేజ్‌తో కొలవండి.

దారిలో

రెండు మూడు గంటలకోసారి ఎలాగూ ఆపుతారు కదా. దిగగానే నాలుగు టైర్ల చుట్టూ ఒకసారి తిరగండి. చేతి వెనుక భాగాన్ని టైరు పక్కభాగానికి దగ్గరగా పెట్టి వేడి చూడండి. ముందు రెండూ ఒకలా, వెనుక రెండూ ఒకలా ఉండాలి. ఒకటి దాని జంట కన్నా స్పష్టంగా ఎక్కువ వేడిగా ఉంటే అందులో గాలి తగ్గి ఉండొచ్చు, లేదా బ్రేక్ పట్టేసి ఉండొచ్చు. అప్పుడు గేజ్ తీయండి.

వేడి టైరులో 38, 40 కనిపించినా చేయి పెట్టకండి, అది ఉండాల్సిందే. వేడి మీద కూడా స్టిక్కర్ అంకెకన్నా తక్కువ చూపిస్తే మాత్రం ఆ టైరులో గాలి నిజంగానే బాగా తక్కువగా ఉంది. జంట టైరు ఎంత చూపిస్తోందో అంతకు వెంటనే పట్టించి, ఎందుకు తగ్గిందో చూపించుకోకుండా ముందుకు వెళ్లకండి.

కొండ ప్రాంతాలకు వెళ్తే గేజ్ కాస్త ఎక్కువ చూపించవచ్చు. 1500 మీటర్ల ఎత్తులో బయటి గాలి ఒత్తిడి సుమారు 2.4 పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి లోపలిది ఆ మేరకు ఎక్కువగా కనిపిస్తుంది. పైన చలి ఉంటే టైరు చల్లబడి అందులో కొంత తగ్గిపోతుంది. ఒక పూట వెళ్లి దిగి వచ్చేస్తే ముట్టుకోనక్కర్లేదు. అక్కడే నాలుగు రోజులుంటే ఓ ఉదయం చల్లగా కొలిచి సరిచేసుకోండి, దిగి వచ్చాక మర్నాడు మళ్లీ కొలవండి.

ఇంటికి వచ్చాక సామాను దించేసి, బండిని ఆ రాత్రి వదిలేయండి. మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు వెనుక టైర్లను మామూలు బరువు అంకెకు తగ్గించండి. వాల్వ్ మధ్యలోని పిన్నును గేజ్ వెనుక ఉన్న ముల్లుతో ఒక్కో క్షణం నొక్కి వదులుతూ, ప్రతిసారీ కొలుస్తూ దించాలి. దించడానికి ముందు నాలుగింటి అంకెలూ రాసుకోండి. మూడు టైర్లు మీరు పెట్టిన అంకె దగ్గరే ఉండి ఒకటి నాలుగైదు తగ్గి ఉంటే, ప్రయాణంలో అది మేకునో ముల్లునో వెంట తెచ్చుకుంది. ఆ వారంలోనే దాన్ని పంక్చర్ షాపులో విప్పించి, నీళ్లలో ముంచి చూపించుకోండి.